రెండో సైరన్‌కు ఇంగ్లిష్ పాఠం

నాకు బడికి వెళ్లకముందే ఇంగ్లిష్ వచ్చు. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆయన మీసాల చాటున నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. మా నాన్న బొగ్గుబాయిలో కార్మికుడు. పొద్దున లేస్తే మా ఇంట్లో షిఫ్టు, డ్యూటీ, మస్టరు, లాంపు, హెల్మెటు. ఇవన్నీ మా అమ్మ వాళ్ల ఊరి తెలుగు మాటలేననుకుని పెరిగాను. తర్వాతెప్పుడో అవి ఇంగ్లిష్ అని తెలిసినప్పుడు, మా ఇంట్లో సామాను ఎవరో తమదేనని ఎత్తుకుపోతున్నట్టు కష్టంగా తోచింది.

హైస్కూల్లో ఇంగ్లిష్ సారు ఒకసారి 'ప్లే' అంటే ఏమిటని అడిగాడు. క్లాసంతా చేతులెత్తాం. మా గనుల్లో వారాంతపు సెలవును ప్లే డే అంటారు. ఆ రోజు కూడా పనికి పోతే కూలి రెండింతలు. నేను లేచి, "ఐతారం డ్యూటీ చేసుడు సార్" అన్నాను. అందరూ అవునవునన్నారు. కాదు, ఆడుకోవడం అని సారు బోర్డు మీద రాసినా మాకు నమ్మకం కుదరలేదు. మా నాన్న ప్లేకు పోయి వచ్చిన రోజు నడుము పట్టుకుని సాయంత్రం దాకా లేచేవాడు కాదు. అది ఆట ఎలా అవుతుంది?

అలాంటి ఇంగ్లిష్‌తో మొదలై నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి ఇంగ్లిష్ టీచర్నయ్యాను. సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, దూరవిద్యలో డిగ్రీ కట్టి, బట్టలు ఉతుకుతూ కొత్త మాటలు పలుకుతూ సంపాదించుకున్న పీరియడ్ అది. మా కాలనీలో కూరగాయలామె దగ్గర్నుంచి మందుల షాపాయన దాకా నన్ను ఇంగ్లిష్ టీచరమ్మ అనే పిలుస్తారు. ఆ పిలుపంటే నాకు మహా ఇష్టం. పైకి మాత్రం, "ఎందుకులే అట్ల పిలుసుడు" అంటాను.

మా స్కూలు వెనక గోడ అవతల మట్టిరోడ్డు, దాని వెనక సుబాబుల్ చెట్లు, ఇంకా దూరం పోతే ఓపెన్ కాస్టు గని. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కడ బ్లాస్టింగ్ ఉంటుంది. మొదటి సైరన్ మోగితే జనం దూరం జరగాలి. రెండో సైరన్ మోగితే ఇక పేల్చడమే. మా ఆయన ఆ బ్లాస్టింగ్ బృందంలోనే పనిచేస్తాడు. పేల్చేది అతను కాదు. తనకు చూపించిన చోట ఎర్రజెండా పట్టుకుని నిలబడి, మనిషిని గాని బర్రెను గాని అటు పోనివ్వకుండా ఆపుతాడు. రెండో సైరన్ మోగాక, తన దిక్కు అంతా ఖాళీ అనిపిస్తే వాకీటాకీలో "క్లియర్ సార్" అంటాడు. అన్ని దిక్కుల నుంచి ఆ మాట వచ్చాకే మీట నొక్కుతారు. మా ఆయన ఇంగ్లిష్ మొత్తం ఆ రెండు ముక్కలే. రోజుకొక్కసారి వాడతాడు కాబట్టి ఇన్నేళ్లయినా అరగలేదు.

నేను చేరిన కొత్తలో, పేలుడు వినబడగానే క్లాసులో చిన్నపిల్లలు గొల్లుమనేవాళ్లు. నేల అదిరేది, కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఒకరు ఏడిస్తే అందరూ అందుకునేవాళ్లు. ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను, గనంతా అతనిదే అయినట్టు.

"నీ పేలుడు పాడుగాను, పిల్లలు భయపడి సస్తున్నరు."

"చెవులల్ల ఏళ్లు వెట్టుకొని నోరు తెర్సుమను. గట్లయితె చెవులు గుయ్యిమనవు. మేము గట్లనే జేస్తం," అన్నాడు తాపీగా.

మర్నాడు పిల్లలకు అదే చెప్పాను. రెండో సైరన్ మోగగానే క్లాసు క్లాసంతా చెవుల్లో వేళ్లు పెట్టుకుని నోళ్లు తెరిచారు. అన్ని నోళ్లు ఊరికే తెరిచి ఉంటే చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. తెరిచిన నోరు ఖాళీగా ఎందుకు, ఒక పాఠం పడేద్దామనిపించింది. అలా మొదలైంది మా అరుపుల పాఠం. నేను ముందు అరుస్తాను, పిల్లలు వెనక అరుస్తారు. "డంపర్! నౌను! లోడ్! వెర్బు! బ్లాక్! అడ్జెక్టివు! స్లోలీ! అడ్వెర్బు!" పుస్తకంలో యాపిల్, కోట, రాజు ఉండేవి గాని, మా పిల్లలు రోజూ చూసేది డంపర్లనే. కొన్నాళ్లకు పేలుడు ఎప్పుడైందో కూడా పట్టించుకోకుండా అరిచేవాళ్లు. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎవరినడిగినా నిద్రలో లేపినా చెప్పేవాళ్లు, కాకపోతే కాస్త గట్టిగా చెప్పేవాళ్లు.

ఇలా హాయిగా సాగుతుండగా ఈ మధ్య మా కరస్పాండెంట్ సారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. వాళ్లది తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా ఆయన 'అండి'ని మాత్రం వదల్లేదు.

"టీచర్ గారండీ, మంచిర్యాల స్కూలు బస్సు బ్రిడ్జి దాటి మన కాలనీలోకి వచ్చేస్తందండి. ఆ స్కూలు పిల్లలు టీవీలో మాట్లాడినట్టు మాట్లాడతారంట. మనకి అర్జెంటుగా ప్రొనౌన్సియేషను కావాలండి," అన్నారు.

ఆ మాటను ఆయన పలికిన తీరు చూసి, ముందు ట్యూషన్ ఎవరికి పెట్టాలో నాకు అర్థమైంది. కానీ జీతమిచ్చే నోటిని దిద్దలేం కదా. పక్క కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగి, కాన్వెంటులో చదివి, ఉచ్చారణ మీద ప్రత్యేకంగా ఏదో కోర్సు చేసిందట. నాకు దండం పెట్టి నవ్వింది. మంచి నవ్వు. అందుకే నాకు ఇంకా మండింది.

సంగతి ఏమిటంటే, నేనొక పాఠం చెప్పాలి, ఆ అమ్మాయి ఒక పాఠం చెప్పాలి. ఎవరి ఇంగ్లిష్ బాగుంటే రెండో తరగతి ఇంగ్లిష్ వాళ్లది. మిగిలినవాళ్లకు పక్కగదిలో మూడో తరగతి తెలుగు. తెలుగు చెప్పడం తక్కువ పనని నేననను. కానీ ఆ పీరియడ్ పోతే కాలనీ నన్నేమని పిలుస్తుంది? ఇంగ్లిష్ నోట్లో నిలవక తెలుగుకు పంపారట అనుకుంటారు. ఆ ఒక్క భయంతో నాకు అన్నం సహించలేదు.

ఇక ఇంట్లో సాధన మొదలుపెట్టాను. ఫోన్‌లో ఒక మేడం ఉంటుంది. పెదవి కొరికి ఒక అక్షరం పలకమంటుంది, పళ్ల మధ్య నాలుక పెట్టి ఇంకొకటి పలకమంటుంది, నోటి ముందు కాగితం ముక్క పెట్టుకుని అది ఎగిరేలా వేరొకటి పలకమంటుంది. నేను అద్దం ముందు నిలబడి అన్నీ చేశాను. మా ఆయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ చూశాడు.

"నాలికె గిట్ల బయటికి వెడితె శివమూగినట్టున్నవే. వేపకొమ్మలు తేవాల్నా?"

"నీకేం తెలుసు? ఇట్లనే పలకాలె."

"మరి గిన్నేండ్ల సంది నువ్వు జెప్పింది ఏం బాష?"

కాగితం ముక్క అతని మీదికి విసిరాను. అది పలకకుండానే ఎగిరింది.

నా పాఠానికి కరస్పాండెంట్ సారు పెట్టిన సమయం చూస్తే సరిగ్గా మధ్యాహ్నం, బ్లాస్టింగ్ వేళ. పొద్దున మా ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే సిగ్గు విడిచి అడిగాను. "ఇయ్యాల ఒక్కరోజు కొంచెం లేటుగ పేల్చమని మీ సార్‌కు చెప్పరాదు?"

"నీ క్లాసు కోసం గనిని ఆపుమంటవా? సరే, గా ముచ్చట ఇంగ్లిష్‌ల జెప్పు, నేర్సుకొని పోయి జెప్త," అని హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పాఠం మొదలైంది. వెనక కుర్చీల్లో కరస్పాండెంట్ సారు, ఆ అమ్మాయి. నేను బొమ్మ డంపర్ ఒకటి పైకెత్తి, నాలుక పళ్ల మధ్య పెట్టి, ఫోన్‌లో మేడం గొంతు తెచ్చుకుని ఇదేమిటని ఇంగ్లిష్‌లో అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. పెదవి కొరికి మళ్లీ అడిగాను. రోజూ నా నోట్లో మాట పూర్తికాకముందే జవాబు లాక్కునే పిల్లలు బిక్కమొహాలేసుకుని నన్నే చూస్తున్నారు. ముందు బెంచీ అమ్మాయి ఒకతి మెల్లగా లేచి నా దగ్గరికొచ్చింది.

"టీచర్, నోట్ల పుండ్లయినయా? మా అవ్వ తేనె రాస్తది, తక్కువైతయి," అంది జాలిగా.

కరస్పాండెంట్ సారు దగ్గారు. ఆ అమ్మాయి తల దించుకుని నవ్వు ఆపుకుంది. అయిపోయింది నా పీరియడ్ అనుకున్నాను.

అప్పుడు మొదటి సైరన్ మోగింది. నేను చెప్పకుండానే పిల్లలు లేచి, ఎప్పటిలాగే కిటికీలు మూసి, నీళ్ల సీసాలు కింద పెట్టి, వరసగా కూర్చున్నారు. "ఏమైంది మేడం? ఎందుకు మూస్తున్నారు?" అని ఆ అమ్మాయి అడుగుతుండగానే రెండో సైరన్. చెవుల్లో వేళ్లు పడ్డాయి. నోళ్లు తెరుచుకున్నాయి. అన్ని కళ్లూ నా వైపే. నాకు ఫోన్‌లో మేడం గుర్తుకు రాలేదు, నాలుక ఎక్కడ పెట్టాలో గుర్తుకు రాలేదు.

"డంపర్!" అని అరిచాను, నా అసలు గొంతుతో.

"నౌనూ!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు. లోడ్ వెర్బు అయింది, బ్లాక్ అడ్జెక్టివు అయింది, స్లోలీ దగ్గర పేలుడు వచ్చింది. నేల కింద ఎవరో పెద్ద బండి దొర్లించినట్టు గది అదిరి, బల్ల మీద చాక్‌పీసులు దొర్లి కింద పడ్డాయి. పిల్లలు అడ్వెర్బు పూర్తి చేశారు. వెనక చూస్తే కుర్చీలో ఆ అమ్మాయి లేదు. బెంచీ కింద ఉంది. మా తేనె డాక్టరమ్మ వెళ్లి ఆమెకు నీళ్ల సీసా ఇచ్చింది.

"ఏం గాదు మేడం, రోజు గింతే. మా టీచరోళ్లాయన సారే పేల్పిస్తడు."

ఆ తర్వాత నా క్లాసు నాకు తిరిగొచ్చింది. ఏది అడిగినా చెప్పారు. అడగనివి కూడా చెప్పారు. చిన్న చిన్న వాక్యాలు సొంతంగా అల్లారు. నేను గెలిచాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆ అమ్మాయి పాఠం వరండాలో నిలబడి విన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆమె నోట ఇంగ్లిష్ ముద్దొచ్చింది. ఒక్క మాటా ఒరుసుకోకుండా జారిపోయింది. పిల్లలు కూడా నోరు తెరుచుకుని విన్నారు, ఈసారి పేలుడు లేకుండానే.

కరస్పాండెంట్ సారు నన్ను పిలిచి మర్యాదగానే చెప్పారు. "పిల్లలకి సబ్జెక్టు బాగా వచ్చండి, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ అందరూ అచ్చం మీలాగే మాట్లాడతన్నారు గదండీ."

నా పిల్లలు నాలాగే మాట్లాడుతున్నారు. అది మెచ్చుకోలు కావలసిన మాట. నేరమైంది. చాక్‌పీసుల డబ్బా తీసుకుని పక్కగదికి మారాను. ఇంట్లో మా ఆయన అడిగితే, "ఇంకా తేల్చలే" అన్నాను. ఓడిపోయానని అతనితో చెప్పడానికి నోరు రాలేదు.

కొత్త గదిలో నా మొదటి రోజు. మూడో తరగతి పిల్లలంతా నిరుడు నా దగ్గర ఇంగ్లిష్ చదివినవాళ్లే. వాళ్లతో ఒత్తులూ దీర్ఘాలూ దిద్దిస్తున్నాను. మొదటి సైరన్ మోగింది. గోడ అవతల కిటికీలు మూసిన చప్పుడు వినబడింది. రెండో సైరన్‌కు అవతల పిల్లలు "డంపర్!" అని తమంతట తామే మొదలుపెట్టారు. ముందుండి అరిచేవాళ్లు లేక గొంతులు తలోదారి పట్టాయి. ఆ అమ్మాయి ఏదో అంటోంది, ఆమె గొంతు వణుకుతోంది. అరుపు సగంలో తెగిపోయింది. మా గదిలో పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నా మొహం చూశారు.

"మనకేం సంబంధం లేదు. మీరు రాసుకోండి," అన్నాను. రోషం, ఇంకేం కాదు. నన్ను వద్దన్న క్లాసు కోసం నేనెందుకు అరవాలి? ఆ రోజు పేలుడు ఎందుకో ఆలస్యంగా వచ్చింది. నేను దాని గురించి ఆలోచించలేదు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే అడిగాడు.

"పాణం మంచిగలేదా? బడికి పోలేదా ఇయ్యాల?"

"పోయిన. ఏం?"

"మరి నీ గొంతేది?"

నాకు అర్థం కాలేదు. ఏ గొంతు అన్నాను.

"పిల్లలతోని అరుస్తవు గద. నా జెండా మీ ఎనక గోడ కాడనేనాయె. పిల్లల అరుపు ఇనవడితె, అందరు లోపల్నే ఉన్నరని ఎర్క. అండ్ల నీ గొంతు ఇనవడితె ఇగ ఫికర్ లేదు. గప్పుడే క్లియర్ అంట. ఇయ్యాల అరుపు సగంల ఆగింది. నీ గొంతు రానే రాలె. ఏమైందోనని గోడ ఎంబడి ఉరికి, పిల్లలెవ్వరన్న బయట ఉన్నరేమోనని చూసొచ్చి గప్పుడు జెప్పిన. లేటు జేసినవని సార్ తిట్టిండు."

ఇన్నేళ్లుగా ఈ మనిషి అక్కడ నిలబడి వింటున్నాడని నాకు తెలియదు. అతని జెండా ఆ దిక్కున ఉంటుందని తెలుసు, అంతే. కిటికీలు మూసినా అద్దాల్లేని వెంటిలేటర్లలోంచి మా అరుపు బయటికి పోతుందని నాకెప్పుడూ తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే పీరియడ్ పోయిన సంగతి చెప్పాను, సారు అన్న మాటా చెప్పాను. అతను చెప్పులు విప్పి, నా పక్కన కూర్చుని, కాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత వీధి వీధంతా వినబడేలా మొదలుపెట్టాడు.

"డంపర్ నౌను! లోడ్ వెర్బు! బ్లాక్ అడ్జెక్టివు!"

అచ్చం నాలాగే. నేను ఎక్కడ దీర్ఘం తీస్తానో అక్కడే తీశాడు, ఎక్కడ ఊపిరి పీలుస్తానో అక్కడే పీల్చాడు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

"ఊకో, పక్కోళ్లు ఇంటరు."

"ఇననీ. గా ఫోన్ మేడం లెక్క అరిస్తె నేను నీ గొంతును గుర్తు వట్టకపోదును. జెండ వట్టుకొని పొద్దుమూకేదాక ఆడనే నిలవడుదును," అన్నాడు. తర్వాత చాయ్ అడిగాడు.

మర్నాడు మధ్యాహ్నం మొదటి సైరన్‌కే నేను కుర్చీలోంచి లేచాను. కరస్పాండెంట్ సారు వరండాలోనే ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాను. నేను పక్కగదికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుండగా ఆ అమ్మాయే గుమ్మంలోకి వచ్చింది.

"మేడం, ఆ టైముకు ఒక్కసారి రారా? నాకు భయమేస్తోంది. పిల్లలు నా మాట వినట్లేదు, మీ పాఠమే కావాలంటున్నారు."

అంత చక్కటి ఉచ్చారణ గల పిల్ల ఆ మాట తెలుగులోనే అడిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడ్డాను. ఇటు మూడో తరగతి, అటు రెండో తరగతి. చెవుల్లో వేళ్లు పెట్టుకుని నోరు తెరవమని ఆమెకు చూపించాను. రెండో సైరన్ మోగింది. నేను వెనక గోడ వైపు తిరిగి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, నా నోటికి వచ్చిన ఇంగ్లిష్‌లోనే అరిచాను.

రెండు తరగతులూ ఒక్కసారే అందుకున్నాయి. నా పక్కన ఆ అమ్మాయి కూడా కళ్లు గట్టిగా మూసుకుని "నౌనూ!" అని అరిచింది, దీర్ఘం తీసి మరీ. అడ్జెక్టివు దాకా కూడా రాలేదు, నేల అదిరింది. ఆ రోజు మా ఆయన క్లియర్ చెప్పడానికి అసలు ఆలస్యం చెయ్యలేదు.